ఫ్యాక్టరీ తనిఖీ నోటీసు చదవడం – 4వ పాఠం: శిక్ష ఎంతవరకు?

ముందు పోయిన పాఠం అభ్యాసానికి జవాబు. పరవాడ ఫార్మాసిటీలోని ఒక యూనిట్‌లో (మనం ఊహించుకున్నదే) పంపు కప్లింగుకు (మోటారును పంపుతో కలిపే, తిరిగే భాగం) గార్డు, అంటే రక్షణ తొడుగు లేదు, ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 21 ఉల్లంఘన. నోటీసు ఎవరికి వస్తుంది? ఆక్యుపయర్‌కూ (ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఉన్న వ్యక్తి) మేనేజర్‌కూ. కంపెనీ అయితే ఆక్యుపయర్ అంటే డైరెక్టర్లలో ఒకరు. ‘షిఫ్ట్ ఇన్‌చార్జి’ అని రాసినవాళ్లు 3వ పాఠం మరోసారి తిరగేయండి.

ఇక శిక్ష సంగతి. నోటీసు రాగానే అందరి కళ్లూ సెక్షన్ నంబరు మీదికి పోతాయి. మీరు మాత్రం తప్పు జరిగిన తేదీ చూడండి. వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అంతకుముందు జరిగిన తప్పుకు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే వర్తిస్తుంది. 17 మందిని బలిగొన్న అచ్యుతాపురం ఎసెన్షియా పేలుడు 2024 ఆగస్టు 21 నాటిది. ఆ రోజుకు ఉన్నది పాత చట్టమే.

పాత చట్టం సెక్షన్ 92 ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ‘వరకు’ అన్న మాట కింద గీత గీసుకోండి. ‘కనీసం’ అన్న మాట ఎప్పుడొస్తుందంటే, నాలుగో అధ్యాయంలోని భద్రతా నిబంధన పాటించనందువల్ల మనిషి చనిపోతే 25,000, తీవ్రంగా గాయపడితే 5,000. ప్రాణం పోతే పాతిక వేలా అని ఒళ్లు మండుతుంది, నిజమే. కానీ లెక్క వేసేటప్పుడు ఆ అంకెనే వాడాలి.

మరి ఏది తీవ్ర గాయం? గార్డు లేని ఆ కప్లింగులో చెయ్యి పడి చిటికెన వేలి ఎముక ఒక్కటే విరిగి, వేలు మళ్లీ మామూలుగా పనిచేస్తే ఈ సెక్షన్ దాన్ని తీవ్ర గాయంగా లెక్కించదు. పక్క వేలి ఎముక కూడా విరిగిందా, లెక్కలోకి వస్తుంది. అందుకే రిజిస్టర్‌లో ‘వేలికి దెబ్బ’ అని రాస్తే సరిపెట్టుకోకండి, ఎక్స్‌రే రిపోర్టు అడగండి.

పాత చట్టంలో ఫిర్యాదు గడువు కూడా చూడాలి. తప్పు ఇన్‌స్పెక్టర్‌కు తెలిసిన మూడు నెలల్లోగా కోర్టులో ఫిర్యాదు పడాలి. ఆయన రాతపూర్వకంగా ఇచ్చిన ఉత్తర్వును ధిక్కరిస్తే, ఆ నేరానికి ఆరు నెలలు. నోటిమాటగా చెప్పి వెళ్లిపోతే ఈ రెండో గడువు దొరకదు.

కొత్త కోడ్‌లో రేట్లు పెరిగాయి. మామూలు ఉల్లంఘనకు 2 నుంచి 3 లక్షల పెనాల్టీ. అయితే దానికి జైలు లేదు, పెనాల్టీ వేసేది కూడా ప్రభుత్వం నియమించిన అధికారే. ఏమైనా మేనేజర్‌కు ఇది ఊరటేనని నా అభిప్రాయం. మరణం సంభవిస్తే మాత్రం రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇమ్మని కోర్టు ఆదేశించవచ్చు.

అభ్యాసం: 2025 అక్టోబర్ 10న తనిఖీ. గూడ్స్ లిఫ్ట్ పరీక్ష సర్టిఫికెట్ తేదీ ఫిబ్రవరి 3, దాని గడువు తీరిపోయింది. అక్టోబర్ 31లోగా మళ్లీ పరీక్ష చేయించమని ఇన్‌స్పెక్టర్ కాగితం మీద రాసిచ్చారు. డిసెంబర్ 5న వచ్చి చూస్తే లిఫ్ట్ నడుస్తోంది, కొత్త సర్టిఫికెట్ లేదు. ఎవరికీ గాయం కాలేదు. ఇందులో తప్పులెన్ని? ఏ తప్పుకు ఏ చట్టం? మొదటి తప్పు మీద ఫిర్యాదుకు ఆఖరి తేదీ ఏది?