పోర్ట్‌ఫోలియోలో పని ఎంతసేపు కదిలింది, ఎంతసేపు నిలబడింది: ఫ్లో ఎఫిషియెన్సీ లెక్కేసే పద్ధతి

మా చిత్తూరు పక్క జూన్, జూలై వచ్చిందంటే తోతాపురి కోతలు, పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందర రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు. కాయ ఎక్కువ పడిన ఏడాది బండి గేటు లోపలికి పోయేదానికే రోజులు పడుతుంది. లోపల మెషిన్ దగ్గరుండే ఆయన్ని అడిగితే "మెషిన్ ఒక్క నిమిషం ఆపలేదు సార్" అంటాడు, నిజమే చెప్తాడు. బయట ట్రాక్టర్ మీద కూర్చున్న రైతుని అడిగితే "నిన్న పొద్దున్నుంచి బండి కదల్లేదన్నా, అడుగున కాయ మెత్తబడిపోతాండాది" అంటాడు, ఆయన చెప్పేదీ నిజమే. ఒకటే ఫ్యాక్టరీ, రెండు లెక్కలు.

మన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మెషిన్ లెక్క అందరి దగ్గరా ఉంటుంది, ఎవరు ఎన్ని గంటలు బిజీ, ఎవరి టైమ్‌షీట్ నిండలేదు, ఏ టీములో ఇంకా ఖాళీ ఉంది, అన్నీ డ్యాష్‌బోర్డులో ఉంటాయి. ట్రాక్టర్ లెక్క మాత్రం అడిగితే ఎవరూ చెప్పలేరు. ఒక పని మొదలైనకాడ్నించి కస్టమర్ చేతికి పోయేదాకా మొత్తం ఎన్ని రోజులు పట్టింది, అందులో దాని మీద ఎవరో ఒకరు నిజంగా చెయ్యి పెట్టిన రోజులెన్ని, ఊరికే నిలబడిన రోజులెన్ని? చెయ్యి పెట్టిన రోజుల్ని మొత్తం రోజులతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చేదే ఫ్లో ఎఫిషియెన్సీ. ఫార్ములా ఇంతే. కష్టమంతా ఆ రెండు అంకెల్ని నిజాయితీగా పట్టుకోడంలోనే ఉంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

నేను తిరుపతిలో ఇంటినుంచే పనిచేస్తా, ఐదారు టీములు కలిసి చేసే ప్రాజెక్టులకి లెక్కలు చూడడం నా పని. ఇంతకుముందు పనిచేసిన ఒకచోట పిల్లలు రాత్రి పదిదాకా కూర్చునేవాళ్ళు, అయినా ఏ ఎపిక్కూ (చిన్న పనులు కొన్ని కలిసిన ఒక పెద్ద పనిని ఎపిక్ అంటాం) అనుకున్న టయానికి బయటికి పోయేది కాదు, పై నుంచి వచ్చే మాట ఒకటే, "టీములు స్లో". ఆ మాట నన్ను శానా బాధపెట్టింది, ఎందుకంటే ఆ పిల్లలు స్లో కాదని నాకు కళ్ళముందే కనపడేది కానీ చూపించడానికి అంకె లేదు. ఆ అంకె కోసమే ఇది నేర్చుకున్నా.

మొదట ఏ పనిని కొలవాలో తేల్చుకోండి. పోర్ట్‌ఫోలియో, అంటే టీములన్నీ కలిసి చేసే పెద్ద పనులన్నీ, అంటున్నాం కాబట్టి స్టోరీలు, టాస్కులు అనే చిన్న ముక్కలు వద్దు, ఎపిక్ లేదా మీ ఆఫీసులో ఇనీషియేటివ్ అనేది ఏదుంటే అది. స్టోరీ లెవెల్లో కొలిస్తే టీము లోపల జరిగేదే కనపడుతుంది, అసలు ఎదురుచూపులు టీముకి ముందర, టీము తర్వాత ఉంటాయి, అప్రూవల్ కోసం, బడ్జెట్ కోసం, వేరే టీము కోసం, యూఏటీ (వాడేవాళ్ళే చూసి సరే అనే చివరి టెస్టింగ్) కోసం, రిలీజ్ డేట్ కోసం.

తర్వాత గడియారం ఎప్పుడు స్టార్ట్, ఎప్పుడు స్టాప్ అనేది. దీని మీద తొందరపడొద్దు. తిరుమల దర్శనం సంగతే చూడండి, స్వామి ముందర మనం నిలబడేది క్షణాలే, దానికోసం కంపార్ట్‌మెంట్లలో గంటలు కూర్చుంటాం. టైమ్ స్లాట్ టోకెన్ తీసుకుంటే కంపార్ట్‌మెంట్లో కూర్చునేది తగ్గుతుంది, నిజంగా మంచి ఏర్పాటు, పిల్లలతో ముసలోళ్ళతో వచ్చేవాళ్ళకి ఎంత మేలో మాకు తెలుసు. కానీ లెక్క క్యూలో అడుగుపెట్టిన కాడ్నించా, టోకెన్ చేతికొచ్చిన కాడ్నించా, లేకపోతే 300 రూపాయల టికెట్ ఆన్‌లైన్లో నెలల ముందే బుక్ చేసుకున్న రోజునుంచా? దర్శనం ఒకటే, మూడు చోట్ల మొదలుపెడితే మూడు వేరే వేరే అంకెలొస్తాయి. ఎపిక్ కూడా అంతే. ఐడియా ఎవరో అన్న రోజునుంచి లెక్కేస్తే శానా అన్యాయం, డెవలపర్ కోడ్ మొదలుపెట్టిన రోజునుంచి లెక్కేస్తే ముందర జరిగిన ఆలస్యం అంతా దాగిపోతుంది. నా పద్ధతి ఏందంటే "ఇది చేద్దాం, దీని మీద అనాలిసిస్ మొదలెట్టాలి" అని పోర్ట్‌ఫోలియో బోర్డులో, అంటే ఎపిక్‌లని కార్డులుగా దశలవారీ కాలమ్స్‌లో పెట్టి చూసుకునే దాంట్లో, ముందుకి జరిపిన రోజు స్టార్ట్, కస్టమర్ వాడడం మొదలుపెట్టిన రోజు స్టాప్. డెవలప్‌మెంట్ అయిపోయిన రోజు స్టాప్ కాదు. మీరు వేరే పాయింట్ పెట్టుకున్నా ఫర్లేదు గానీ పెట్టుకున్నాక మధ్యలో మార్చొద్దు, మారిస్తే పోయిన క్వార్టర్‌తో పోల్చడానికి ఉండదు.

ఇంగ బోర్డు. మామూలు బోర్డుల్లో "రివ్యూ", "టెస్టింగ్", "అనాలిసిస్" అని కాలమ్స్ ఉంటాయి, వీటిని నమ్మితే మోసపోతాం. "టెస్టింగ్"లో 11 రోజులు ఉన్న ఎపిక్‌లో 6 రోజులు టెస్టర్ వేరే పనిలో ఉండి ఇది వరుసలో నిలబడి ఉండొచ్చు. అందుకని ప్రతి కాలమ్‌నీ రెండుగా చీల్చాలి, "టెస్టింగ్ కోసం రెడీ", "టెస్టింగ్ జరుగుతోంది" అని. మొదటిది వెయిటింగ్, రెండోది యాక్టివ్. జరుగుతున్న పని మధ్యలో ఆగిపోతే, పక్క టీము ఏపీఐ (వాళ్ళ సాఫ్ట్‌వేర్‌తో మనది మాట్లాడే దారి) ఇవ్వలేదనో సెక్యూరిటీ వాళ్ళ అనుమతి రాలేదనో, బ్లాక్డ్ అని ఫ్లాగ్ పెట్టి ఆ రోజులు కూడా వెయిటింగ్‌లో వెయ్యాలి. పనులు ఎక్కడిదాకా వచ్చాయో రాసిపెట్టే జిరా లాంటి టూల్ వాడుతుంటే స్టేటస్ ఎప్పుడు మారిందో హిస్టరీలో ఉంటుంది, దాన్ని ఎక్సెల్‌లోకి దించుకుంటే చాలు, ఖరీదైన టూల్ కొనాల్సిన పని లేదు. కాలమ్స్ చీల్చకముందు అయిపోయిన వాటికి మెయిల్స్, మీటింగ్ నోట్స్ చూసి తేదీలు పట్టుకోవాలి, నేను మొదటిసారి అట్లనే చేశా, రెండు వారాలు పట్టింది, ఒక్కరోజు కూడా వేస్ట్ అనిపించలేదు.

రోజులు లెక్కేసేటప్పుడు ఒక చిక్కుంది. కస్టమర్‌కి ఆదివారం కూడా ఎదురుచూపే కాబట్టి నేను క్యాలెండర్ రోజులే తీసుకుంటా. కానీ అప్పుడు శని, ఆదివారాలు వెయిటింగ్‌లోకి పోతాయి, ఎవరూ ఆపకుండా వారానికి ఐదు రోజులు చేసినా 71 శాతం దాటదు. పనిదినాలే తీసుకుంటే ఆ గొడవ ఉండదు. ఏదైనా సరే, భాగహారంలో పైనా కిందా ఒకటే రకం రోజులు ఉండాలి, పైన పనిదినాలు కింద క్యాలెండర్ రోజులు వేసే తప్పు శానామంది చేస్తారు. ఇంకోటి, ఎపిక్ కింద పది స్టోరీలు ఉంటే ఏ ఒక్క స్టోరీ మీద పని జరిగినా ఆ రోజు ఎపిక్‌కి యాక్టివ్ అనే వెయ్యాల్సి వస్తుంది, దాంతో అంకె ఉన్నదానికంటే రోంత బాగా కనపడుతుంది, ఈ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి.

ఒక ఎపిక్ తీసుకుని చేద్దాం, అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవి, అన్నీ పనిదినాలు. అప్రూవల్ మీటింగ్ కోసం 30 రోజులు ఆగింది, అనాలిసిస్ 8 రోజులు జరిగింది, టీము ఖాళీ అయ్యేదాకా 25 రోజులు, డెవలప్‌మెంట్ 18, పక్క టీము ఏపీఐ కోసం 14, టెస్టింగ్ కోసం 6, టెస్టింగ్ 5, యూఏటీ చేసేవాళ్ళు దొరికేదాకా 9, యూఏటీ 2, రిలీజ్ డేట్ కోసం 3. మొత్తం 120 రోజులు. చెయ్యి పెట్టిన రోజులు 8, 18, 5, 2 కలిపి 33. అంటే 27.5 శాతం.

ఇప్పుడు అసలు విషయం చూడండి. "టీములు స్లో" అన్నారు కదా, సరే, డెవలప్‌మెంట్ రెండింతలు స్పీడ్ చేశామనుకోండి, 18 రోజులు 9 అవుతాయి, పిల్లలు ఇంకా అలిసిపోతారు, మొత్తం 120 నుంచి 111కి వస్తుంది. అదే నెలకోసారి పెట్టే అప్రూవల్ మీటింగ్‌ని పదిహేను రోజులకోసారి పెట్టి ఆ 30ని 15 చేస్తే, ఎవరూ ఒక్క గంట ఎక్కువ పనిచెయ్యకుండా, 105కి వస్తుంది. ఇట్లాంటి లెక్క నేను మొదటిసారి పెద్దోళ్ళ ముందర పెట్టినప్పుడు రూములో కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఎవరూ "టీములు స్లో" అనలేదు.

ఒక్క ఎపిక్ నుంచి పోర్ట్‌ఫోలియో మొత్తానికి పోయేటప్పుడు శాతాల్ని కూడి సగటు తియ్యొద్దు. ఒక చిన్న ఎపిక్ 10 రోజుల్లో 8 రోజులు కదిలింది, 80 శాతం. ఒక పెద్దది 190 రోజుల్లో 32 రోజులే కదిలింది, 17 శాతం కూడా లేదు. శాతాల సగటు తీస్తే 48 దాకా వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. యాక్టివ్ రోజులన్నీ కూడి 40, మొత్తం రోజులన్నీ కూడి 200, భాగిస్తే 20 శాతం, ఇదీ నిజం.

అయిపోయిన వాటినే లెక్కేయడం ఇంకో గుంత. ఎప్పుడో మొదలై నిలబడిపోయిన ఎపిక్‌లు అయిపోవు కాబట్టి లెక్కలోకే రావు. అందుకని ప్రతి వారం చేతిలో ఉన్న ఎపిక్‌లన్నిటి వయసు, అంటే మొదలై ఈరోజుకి ఎన్ని రోజులైందో, పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా పెట్టి చూడండి. మామూలుగా మీ ఎపిక్‌లలో నూటికి 85 ఎన్ని రోజుల్లోపు అయిపోతాయో తెలుసుకుని, ఆ గీత దాటినదాన్ని ముందు అడగండి, ఇది ఇంకా కావాలా వద్దా అని. వద్దంటే తీసెయ్యండి, సిగ్గేం లేదు.

ఎదురుచూపులు ఎందుకు అంత పెరుగుతాయి అంటే ముఖ్యంగా రెండు కారణాలు, రెండూ క్యూల గణితంలోవే. మొదటిది లిటిల్స్ లా, జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. చేతిలో ఉన్న పనుల సంఖ్యని, ఒక నెలలో పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే సగటున ఒక పనికి ఎన్ని నెలలు పడుతుందో వస్తుంది. 24 ఎపిక్‌లు తెరిచిపెట్టి నెలకి 2 పూర్తి చేస్తుంటే ఒక్కోదానికి సగటున 12 నెలలు. అదే నెలకి 2 పూర్తిచేస్తూనే చేతిలో 12 మాత్రమే ఉంచితే 6 నెలలు. ఇది సగటు మాత్రమే, వచ్చేవి పోయేవి దాదాపు సమానంగా ఉండే పోర్ట్‌ఫోలియోకే సరిపోతుంది, అయినా "ఇంకోటి మొదలుపెట్టేద్దాం" అనేవాళ్ళకి చూపించడానికి దీనికంటే మంచి లెక్క నాకు దొరకలేదు.

రెండోది మెషిన్ ఎప్పుడూ ఆగకూడదు అనే పట్టుదల. పని రావడమూ, పని పట్టే టైమూ రెండూ ఎగుడుదిగుడుగా ఉండే మామూలు క్యూ మోడల్లో, ఒక టీము 80 శాతం బిజీగా ఉంటే కొత్తగా వచ్చిన పని సగటున, ఒక పని చెయ్యడానికి పట్టే టైముకి 4 రెట్లు ఆగాలి. 90 శాతానికి 9 రెట్లు, 95 శాతానికి 19 రెట్లు. అంటే అందరి టైమ్‌షీట్లూ నిండేదాకా పని పోస్తే పనంతా గేటు బయట నిలబడుతుంది, ట్రాక్టర్ల మాదిరి. అందుకే బోర్డులో ఒక్కో దశకి ఇన్ని ఎపిక్‌లే అని పరిమితి పెట్టడం, టొయోటా ఫ్యాక్టరీల్లో కార్డులతో మొదలైన కాన్బాన్ పద్ధతి నుంచి వచ్చిందే ఇది.

ఈ శాతాన్ని ఒంటరిగా చూడొద్దని గట్టిగా చెప్తా. పైన చెప్పిన ఎపిక్‌లో డెవలప్‌మెంట్ 18 బదులు 36 రోజులు పట్టిందనుకోండి. యాక్టివ్ 51 అవుతుంది, మొత్తం 138, ఫ్లో ఎఫిషియెన్సీ 27.5 నుంచి 37కి పెరిగింది! పని ఆలస్యమైంది, అంకె మెరుగైంది. అందుకని మొత్తం పట్టిన రోజులు, నెలకి పూర్తయినవి ఎన్ని, ఈ రెండూ పక్కన లేకుండా ఈ శాతాన్ని ఎక్కడా చూపించకండి. శానా టీములు కలిసి పనిచేసే పెద్ద కంపెనీలు వాడే సేఫ్ (SAFe) ఫ్రేమ్‌వర్క్‌లో కూడా ఫ్లో కొలతలు ఆరుంటాయి, ఎఫిషియెన్సీ అందులో ఒకటి మాత్రమే. టీముల మధ్య పోటీ పెట్టడానికైతే అస్సలు వాడొద్దు, అప్రైజల్‌లోకి ఈ అంకె పోయిందంటే మర్నాటినుంచి ప్రతి కార్డూ "జరుగుతోంది"లోనే ఉంటుంది, ఇంగ మీ లెక్కకి విలువ ఉండదు.

వారానికోసారి అరగంట చాలు. బోర్డుని కుడి నుంచి ఎడమకి, అంటే పూర్తవ్వడానికి దగ్గరున్నవాటి నుంచి మొదలుపెట్టి చూడండి. "ఎవరు ఏం చేస్తున్నారు" అని అడగకండి, "ఈ ఎపిక్ దేనికోసం ఆగింది, ఎన్ని రోజులైంది" అని అడగండి. ఎదురుచూపుల్లో అన్నిటికంటే పెద్దది ఏదో చూసి దాన్ని ఒక్కదాన్నే పట్టుకోండి, ఒకేసారి ఐదు మార్చితే దేనివల్ల తగ్గిందో తెలియదు. మార్పు చేసిన మర్నాడే శాతం చూడొద్దు, ముందే నిలబడి ఉన్న పాత ఎపిక్‌లు ఆ పాత రోజుల్ని మోసుకుంటూ వస్తాయి కాబట్టి కొన్నాళ్ళు అంకె కదలదు, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. మార్పు తర్వాత మొదలైన ఎపిక్‌లు ఒక పది పూర్తయ్యాక, వాటిని మాత్రమే విడిగా తీసి, పాత పదితో పక్కపక్కన పెట్టి చూడండి.