నెల్లూరు దగ్గరి మైపాడు, ఒంగోలు దగ్గరి కొత్తపట్నం వైపు చిన్న అలల మీద ఒంటరిగా కయాకింగ్: ఎలా చేయాలి?

ఈత రాకపోతే ఇది మీ పని కాదు. ఈత వచ్చినా, బోల్తా పడిన కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మళ్లీ ఎక్కడం రాకపోతే ఒంటరిగా దిగొద్దు. ముందు ఒక స్నేహితుణ్ణి తోడు పెట్టుకుని, అలల్లేని చోట కాళ్లు అందని నీళ్లలో కావాలనే బోర్లా వేసి, తిప్పి, ఎక్కి చూడండి. అవతలి అంచు పట్టుకుని, కాళ్లు వెనక్కి తేల్చి గట్టిగా తన్నుతూ పొట్ట మీద పాకాలి, ఆ తర్వాతే మెల్లగా తిరిగి కూర్చోవాలి. తొందరపడి మోకాలు ముందు పెడితే పడవ మళ్లీ తిరగబడుతుంది. అందుకే మొదట్లో సిట్ ఆన్ టాప్ (లోపల కాకుండా పైనే కూర్చునే) రకమే మేలు, దాంట్లో నీళ్లు నిండే గుంట ఉండదు.

ఇక ఎప్పుడు వెళ్లాలి? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం, ఆ ఊసే వద్దు. జనవరి చివర నుంచి మార్చి దాకా పొద్దున పూట బాగుంటుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ అలల ఎత్తు, వాటి మధ్య వ్యవధి చెబుతుంది. ఎత్తు మీటరు లోపే ఉన్నా వ్యవధి పన్నెండు, పద్నాలుగు సెకన్లు ఉందంటే ఆ అల ఒడ్డుకొచ్చేసరికి లేచి బలంగా కొడుతుంది, ఆ రోజు మానుకోండి.

గాలి విషయంలో మాత్రం చాలామంది మోసపోతారు. జూన్, జూలైల్లో నెల్లూరోళ్లకి తెలిసిన ఆ వేడి పడమటి గాలి వీస్తుంటే ఒడ్డు దగ్గర సముద్రం చెరువులా కనిపిస్తుంది, ఎంత బాగుందో అనుకుంటాం, కానీ అది మిమ్మల్ని నెమ్మదిగా లోపలికి నెట్టేస్తుంది, తిరిగి ఎదురు తెడ్డు వేసేసరికి చేతులు పడిపోతాయి. అలాంటి రోజు పడవని కారు మీద నుంచి దించనే వద్దు.

బీచ్‌కి వెళ్లాక ఇరవై నిమిషాలు ఇసుకలో నిలబడి చూడండి, అసలు పని ఇదే. అలలు గుంపులుగా వస్తాయి: కొన్ని పెద్దవి, ఆ తర్వాత కాస్త విరామం. అల దూరంగా విరిగి తెల్లటి నురగగా మెల్లగా ఒడ్డు దాకా వస్తే ఆ చోటు మంచిది. ఒడ్డు మీదే ధభాలున పడుతుంటే ఇంకో చోటు వెతుక్కోండి. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో మాత్రం విరక్కుండా, బురదగా, నురగ వెనక్కి పోతున్న సందు కనిపిస్తే అది లోపలికి లాగే ప్రవాహం. ప్రశాంతంగా ఉందని అక్కడ దిగేరు! వలలు సర్దుకునే వాళ్లుంటే "అన్నా, నీళ్లు ఎటు లాగుతున్నాయి, వలలు ఎక్కడున్నాయి?" అని అడగండి. రొయ్య పిల్లల హేచరీల పైపులు, ఫైబర్ బోట్లు ఒడ్డుకొచ్చే దారి కూడా వాళ్లే చెబుతారు. ఒడ్డున గుడో సెల్ టవరో గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నీళ్లు మిమ్మల్ని పక్కకి జరుపుతుంటే లోపల ఉన్నప్పుడు తెలియదు.

లైఫ్ జాకెట్, హెల్మెట్, విజిల్, జాకెట్‌కే తగిలించిన వాటర్‌ప్రూఫ్ కవర్లో ఫోన్ ఉండాలి. పడవ తాడు ఒంటికి కట్టుకోవద్దు. ఎన్నింటికి ఒడ్డుకొస్తారో ఇంట్లో చెప్పి, ఆ టైముకి ఫోన్ రాకపోతే కోస్ట్ గార్డ్ నంబర్ 1554కి చేయమనండి.

విరామం చూసి దిగండి. ముక్కు అలకి నేరుగా ఉండాలి, కాస్త వాలినా పక్కకి తిప్పేస్తుంది. అల మీదికొస్తుంటే ఆగకూడదు, ముందుకి వంగి తెడ్డు బలంగా వేస్తూ దాంట్లోంచి దూసుకుపోవాలి. మొదట్లో అలలు విరిగే చోటు దాటనక్కర్లేదు, నురగలోనే తిరిగి ఒడ్డు వైపు ముక్కు పెట్టండి. వెనక భాగం పైకి లేస్తున్నట్టు అనిపించగానే నాలుగైదు సార్లు గట్టిగా తెడ్డేసి, అల పట్టుకోగానే వెనక్కి వాలండి, లేదంటే ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది. తర్వాత తెడ్డుని వెనక ఒక పక్క చుక్కానిలా ఆనించి దిశ చూసుకోవడమే.

ఎంత చూసుకున్నా పడవ అడ్డం తిరుగుతుంది, టెన్షన్ పడొద్దు. అల వచ్చే వైపుకే ఒరిగి, మోచేతులు కిందికి ఉంచి, తెడ్డు నురగ మీద ఆనించండి. ఒడ్డు వైపు ఒరిగారో, పడ్డట్టే. పడితే చటుక్కున పడవకి సముద్రం వైపు రండి. ఒడ్డు వైపు ఉంటే తర్వాతి అల ఆ బరువునంతా తెచ్చి మీ మీద పడేస్తుంది. స్నానాలు చేసేవాళ్లున్న చోట ఈ ఆట ఆడొద్దని అనేది కూడా అందుకే.

లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఎదురు వెళ్లొద్దు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి వెళ్లి, అలలు విరిగే చోట ఒడ్డు వైపు తిరగండి. చేతులు ఇంకా బాగానే ఉన్నప్పుడే ఆపేయండి. ఇంటికొచ్చాక పడవని, ముఖ్యంగా తెడ్డు రెండు ముక్కలు కలిసే చోటుని, మంచినీళ్లతో కడగండి, లేకపోతే ఉప్పు పట్టి ఊడిరాదు. అన్నట్టు, ఒడ్డు ఎక్కగానే ముందు ఇంటికి ఫోన్ చేయండి, మీరు టీ తాగుతూ కూర్చుంటే అక్కడ వాళ్లు 1554కి కొట్టేస్తారు.