స్పోర్ ఫిల్మ్‌తో యూవీ కొలత: రీడింగ్ తేడా కొడితే ఎక్కడ వెతకాలి

ఇక్కడ సెన్సర్ అంటే ఫిల్మ్ మీద ఎండబెట్టిన బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (నిద్రావస్థలో ఉండే గట్టి బీజకణాలు). యూవీ (అతినీలలోహిత కాంతి) వాటి డీఎన్ఏను దెబ్బతీస్తుంది. తర్వాత ఫిల్మ్‌ను పోషక ద్రావణంలో 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే బతికినవి మొలకెత్తి పెరుగుతాయి. వాటి ప్రోటీన్‌కు కూమాసీ బ్లూ రంగు పట్టిస్తాం. నీలం ఎంత పలచబడితే డోసు అంత ఎక్కువ.

గంటలకొద్దీ ఎండలో ఉంచినా ముదురు నీలమే
యూవీ-బీ (ఎండలోని పొట్టి తరంగాల యూవీ) స్పోర్లదాకా చేరలేదు. మామూలు గాజు మూత దాన్ని చాలావరకు మింగేస్తుంది. పాలిస్టర్ ఫిల్మ్ తిరగబడినా అదే జరుగుతుంది. క్వార్ట్జ్ మూత వాడండి. ఏ వైపో తేలకపోతే ఫిల్మ్‌ను వెలుగుకు ఏటవాలుగా పట్టుకోండి: నున్నగా మెరిసేది ప్లాస్టిక్, మసగ్గా ఉన్నది స్పోర్ల పొర. మసక వైపే ఎండకు పెట్టాలి.

ఎండ తగలని కంట్రోల్ గడి కూడా పాలిపోయింది
వేడికి చచ్చాయనుకోకండి, ఎండిన స్పోర్లు ఎండ వేడికి లొంగేవి కావు. ద్రావణం చల్లగా ఉండటమో, సమయం చాలకపోవడమో, రంగును మరీ ఎక్కువ కడిగేయడమో అయ్యుంటుంది. కంట్రోల్, కాలిబ్రేషన్ గడులు (తెలిసిన డోసు ఇచ్చినవి), కొలత గడి అన్నీ ఒకే ట్రేలో, ఒకేసారి నడపాలి.

గడి పూర్తిగా తెల్లబడింది
సాచురేషన్, అంటే ఇక పలచబడటానికి నీలమే మిగల్లేదు. ఆ రీడింగ్ "కనీసం ఇంత" అని మాత్రమే చెబుతుంది. సమయం తగ్గించండి, లేదా సన్నటి లోహపు జల్లెడ అడ్డుపెట్టండి. అది అన్ని తరంగదైర్ఘ్యాలనూ సమానంగా తగ్గిస్తుంది.

యూవీ మీటర్‌కీ ఫిల్మ్‌కీ పొంతన లేదు
ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 298 నుంచి 328 నానోమీటర్లకు వెళ్లేసరికి చర్మాన్ని ఎర్రబరిచే ప్రభావం సుమారు 660వ వంతుకు పడిపోతుంది. స్పోర్ల స్పందన దానికి దగ్గరగా ఉన్నా అచ్చం అదే కాదు, అందుకే సరిదిద్దే ఫిల్టర్ కావాలి. 254 నానోమీటర్ల దీపంతో కాలిబ్రేట్ చేస్తే ఇంకా తప్పు: నేలకు చేరే ఎండలో ఆ తరంగదైర్ఘ్యమే ఉండదు. ఎండలోనే, స్పెక్ట్రోరేడియోమీటర్ (ఒక్కో తరంగదైర్ఘ్యంలో కాంతి ఎంతుందో కొలిచే పరికరం) పక్కన, సూర్యుడు వేర్వేరు ఎత్తుల్లో ఉండగా కాలిబ్రేట్ చేయండి.

చేతిలెక్క: యూవీ సూచిక 8 అంటే చర్మ ప్రభావం లెక్కలో చదరపు మీటరుకు 0.2 వాట్లు. గంటకు 720 జౌళ్లు, అంటే 7.2 ఎస్ఈడీ (చర్మాన్ని ఎర్రబరిచే డోసుకు ప్రామాణిక కొలమానం, ఒకటి అంటే చదరపు మీటరుకు 100 జౌళ్లు). బల్లపరుపుగా పెట్టిన ఫిల్మ్ అదే గంటలో 15 చూపితే కాలిబ్రేషన్‌నే అనుమానించండి. ఛాతీకి తగిలించినది 3 చూపితే మాత్రం తొందరపడి కొట్టేయకండి. నిటారు ఒంటికి నడినెత్తి ఎండ తగిలేది తక్కువే.