సంతకానికి ముందు ఆ ఒక్క వాక్యం చూసుకోండి

మొన్న వెబ్ సిరీస్‌కి కథ రాసిన తమ్ముడొకడు అగ్రిమెంట్ తెచ్చి చూపించాడు. నాలుగు పేజీలు. డబ్బు ఎంత, ఎప్పుడిస్తారు అన్న చోట పెన్నుతో గీత గీసుకున్నాడు. మిగతాది చదవనే లేదు. అసలు సంగతి మూడో పేజీలో ఉంది: "సర్వ హక్కులు, శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా".

కథలు, పాటలు, డైలాగులు రాసేవాళ్లు ఆ వాక్యం దగ్గర ఆగాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ కాగితం మీద, మీ సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లనే లెక్క. ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశం వరకే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు వాడకపోతే, వేరే షరతు రాసుకోనంత వరకు, ఆ హక్కు వాళ్ల చేయి దాటిపోతుంది. చట్టం ఇంతగా మనవైపు ఉంది కాబట్టే వాళ్లు "శాశ్వతంగా" అని టైప్ చేయించేది!

ఆ మాట కొట్టేసి "5 సంవత్సరాలు" అని రాయమని అడగండి, దిద్దిన చోట ఇద్దరూ సంతకం పెట్టండి. అడిగితే ఛాన్స్ పోతుందేమోనని టెన్షన్ ఉంటుంది, నిజమే. కనీసం సిరీస్ హక్కు మాత్రమే ఇచ్చి, పుస్తకం, ఆడియో మీ దగ్గర ఉంచుకోండి.

ఫొటోగ్రాఫర్ల లెక్క వేరు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, ఒప్పందంలో వేరేగా లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి యజమానులు. పెళ్లి ఫొటోలు మీ పేజీలో పెట్టుకోవాలంటే అడ్వాన్సు తీసుకునేటప్పుడే రాయించుకోండి.