పాత ఆటోమేటిక్ కారులో గేర్ల లోపం: గేర్‌బాక్స్ దించే ముందు చూడవలసినవి

పాత ఆటోమేటిక్ కారు గేరు మారేటప్పుడు గట్టిగా జర్క్ ఇచ్చినా, రివర్స్ వేశాక కాసేపు కదలకుండా నిలబడిపోయినా, ఎక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ రేగుతున్నా బండి మాత్రం లాగకపోయినా, షెడ్డులో ముందుగా వినిపించే మాట గేర్‌బాక్స్ దించాలనే. మెర్సిడెస్ డబ్ల్యూ 123, 1960ల నాటి షెవర్లే ఇంపాలా వంటి కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సును విప్పి, మళ్లీ సరిగ్గా కూర్చగలిగిన చేతులు హైదరాబాద్‌లో తక్కువ. అందుకే దించడం చివరి పని కావాలి. పై లక్షణాలు చాలాసార్లు గేర్‌బాక్సు లోపలి నుంచి కాక ఆయిల్ నుంచో, రబ్బరు గొట్టం నుంచో, కేబుల్ నుంచో పుడతాయి.

మొదట ఆయిల్ చూడాలి. ఈ ఆయిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది కాబట్టి చల్లటి బండిలో చూసిన మట్టాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. బండిని పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి చదునైన చోట ఆపాలి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఇళ్ల ముందుండే వాలు ర్యాంపులు ఇందుకు పనికిరావు. బ్రేకు తొక్కి ఉంచి లీవరును అన్ని స్థానాలకూ జరిపి, పార్క్‌లో పెట్టి, ఇంజన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీయాలి. క్రైస్లర్ పాత టార్క్‌ఫ్లైట్ వంటి కొన్నింటిలో మాత్రం న్యూట్రల్‌లో చూడాలి కనుక ఆ బండి మాన్యువల్ చెప్పినదే పాటించాలి. డబ్ల్యూ 123 డిప్‌స్టిక్ మీద కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య తేడా దాదాపు 0.3 లీటరే కాబట్టి సన్నమూతి గరాటుతో కొద్దికొద్దిగా పోయాలి. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను నురుగు చేస్తాయి, నురుగులో పీడనం నిలవదు, ఆయిల్ తక్కువైనప్పటిలాగే బండి జారుతుంది.

డిప్‌స్టిక్‌ను షెడ్డులో చేతికందే బనియన్ వేస్టుతో తుడవనివ్వకండి. దాని నూలు పోగు గేర్లకు ఆయిల్ పీడనాన్ని పంచే వాల్వ్ బాడీలోని సన్నని దారిలోకి చేరితే వాల్వు ఇరుక్కుపోవచ్చు. పోగులు రాలని గుడ్డతో తుడిచి, రెండోసారి తీసిన చుక్కను తెల్ల కాగితం మీద వేసి చూడండి. ఎర్రగా, స్వచ్ఛంగా ఉంటే ఆయిల్ మంచిదే. ముదురు గోధుమ రంగులో మాడు వాసన వస్తుంటే క్లచ్ ప్లేట్లు కాలాయని అనుమానించాలి. రోజ్ మిల్క్‌లా కనిపిస్తే రేడియేటర్ లోపలి ఆయిల్ కూలర్ చిల్లుపడి నీళ్లు కలిశాయన్నమాట; అటువంటి బండిని ఇంటిదాకా కూడా నడపకూడదు, ఎందుకంటే నీళ్లు క్లచ్ ప్లేట్ల మీది కాగితం పొరను, దాన్ని పట్టి ఉంచే జిగురును పాడుచేస్తాయి.

ఏ ఆయిల్ పోయాలన్నదీ ముఖ్యమే. పాత మాన్యువల్‌లో కనిపించే టైప్ ఎ అప్పటి ఆయిల్ రకం. ఆ తరం ఆయిళ్లలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక కృత్రిమ పదార్థాలు ఆ స్థానంలోకి వచ్చాయి. టైప్ ఎ అడిగే జనరల్ మోటార్స్, మెర్సిడెస్ గేర్‌బాక్సులకు డెక్స్‌రాన్ తరహా ఆయిల్ సరిపోతుంది. ఆ కాలపు చాలా ఫోర్డ్ గేర్‌బాక్సులకు టైప్ ఎఫ్ కావాలి, దాని ఘర్షణ గుణం వేరు. ఏ డబ్బా అయినా ఒకటేనని చెప్పి గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీ గేర్‌బాక్సుల ఆయిల్ పోయబోతే ఒప్పుకోకండి.

ఆయిల్ సరిగా ఉండి కూడా గేర్లు ఆలస్యంగా, దెబ్బ కొట్టినట్టు మారుతుంటే అసలు అనుమానం వాక్యూమ్ మీద, అంటే ఇంజన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే పీల్పు మీద. ఇంజన్ మీద ఎంత భారం పడుతోందో గేర్‌బాక్సుకు తెలిపేది ఇంజన్ గాలి పీల్చే ఇన్‌టేక్ నుంచి, గేర్‌బాక్సు మీద పీడనాన్ని సర్దే మాడ్యులేటర్‌కు వెళ్లే సన్నని గొట్టం. అది పగిలినా, ఊడినా గేర్‌బాక్సు ఇంజన్ నిండు భారంతో లాగుతోందని భావించి పీడనాన్ని పెంచుతుంది. రబ్బరు గొట్టాన్ని చివరలు రెండూ వంచి చూడండి. మన ఎండలకు, ఇంజన్ వేడికి అది పైకి నల్లగా మెరుస్తూ వంచిన చోట జుట్టంత సన్నని పగుళ్లు చూపుతుంది. రాణిగంజ్‌లో కొత్త గొట్టం కొనేటప్పుడు నూనెకు ఆగే రకాన్ని అడిగి తీసుకోవాలి. తర్వాత మాడ్యులేటర్ దగ్గర గొట్టం పీకి చూడండి. లోపల ఎర్రటి ఆయిల్ ఉంటే మాడ్యులేటర్ పొర చిరిగింది, ఆయిల్‌ను ఇంజన్ పీల్చి కాలుస్తోంది. నేల మీద ఒక్క చుక్క పడకుండానే ఆయిల్ తగ్గిపోతూ, సైలెన్సర్ నుంచి తెల్లని పొగ వచ్చే బండ్లలో చూడవలసింది ఇక్కడే. ఇంపాలా వంటి కార్లలో మాడ్యులేటర్‌ను కింద నుంచే మార్చవచ్చు.

వాక్యూమ్ గేజ్ పెట్టి కొలిచేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మాన్యువల్‌లోని అంకె కన్నా ఇక్కడ రీడింగ్ దాదాపు 2 అంగుళాల పాదరసం తక్కువ చూపుతుంది. ఆ తేడాను లోపంగా భావించి మంచి ఇంజన్‌ను సర్దుబాటు చేయించుకోకండి.

డబ్ల్యూ 123 డీజిల్ కారుకు వాక్యూమ్ ఇన్‌టేక్ నుంచి కాక పంపు నుంచి వస్తుంది, దాన్నే డోర్ లాకులు, ఇంజన్ ఆపే పరికరం, గేర్‌బాక్సు పంచుకుంటాయి. తాళం తీశాక ఇంజన్ వెంటనే ఆగకుండా ఇంకా తిరుగుతూ, గేర్లు కూడా గట్టిగా పడుతుంటే లీకు గేర్‌బాక్సులో ఉండే అవకాశం తక్కువ, ఎక్కడో తలుపు లోపల ఉండవచ్చు. డోర్ లాకులకు వెళ్లే గొట్టాన్ని విడదీసి బిగుతుగా మూసి, నడిపి చూడండి. జర్క్ పోతే లీకు ఆ వైపే ఉందని తేలుతుంది. జర్క్ తగ్గించడానికి మాడ్యులేటర్ స్క్రూను ఇష్టం వచ్చినట్టు తిప్పే అలవాటును మాత్రం ఆపాలి. గేరు మెత్తగా పడేది పీడనం తగ్గినందువల్ల, ఆ తగ్గిన పీడనంలో జారేవి, కాలేవి క్లచ్ ప్లేట్లే. పీడనం గేజ్ లేకుండా ఆ స్క్రూను ముట్టనివ్వకపోవడమే క్షేమం.

తర్వాత కేబుళ్లు, లింకేజీ. లీవర్ డీలో ఉన్నా అరిగిన బుష్ వల్ల గేర్‌బాక్సు దగ్గరి ఆర్మ్ పూర్తిగా కుదరకపోతే క్లచ్ సగమే పట్టుకుంటుంది. ఎక్సిలరేటర్ నిండా తొక్కి పట్టుకోమని ఒకరిని కూర్చోబెట్టి, ఇంజన్ ఆపి ఉండగా, కేబుల్ చివరిదాకా కదులుతోందా అని చూడాలి. జనరల్ మోటార్స్ 1964లో తెచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400లో కిక్‌డౌన్ (ఎక్సిలరేటర్ నిండా తొక్కితే కింది గేరుకు దింపే ఏర్పాటు) విద్యుత్తుతో పనిచేస్తుంది. స్విచ్ అతుక్కుపోతే గేరు ఎంతకీ మారదు. గేర్‌బాక్సు దగ్గర ఆ వైరు పీకి నడిపితే తేడా తెలిసిపోతుంది. మొదటి గేరులోనే ఉండిపోయే బండికి, వేగాన్ని గేర్‌బాక్సుకు తెలిపే గవర్నర్ ఇరుక్కుని ఉండవచ్చు. ఈ గేర్‌బాక్సులో అది పక్కనున్న మూత కిందే ఉంటుంది.

ఇవన్నీ చూశాక మిగిలేది జారడం. అన్ని గేర్లలోనూ జారితే ఫిల్టరు, పంపు, పీడనం వంటి ఉమ్మడి కారణం వెతకాలి. ఒకే గేరులో జారితే ఆ గేరు క్లచ్‌ను, లేదా డ్రమ్మును బిగించి పట్టే బ్యాండ్‌ను అనుమానించాలి. వేడెక్కాక మాత్రమే జారితే గట్టిబడిన సీళ్లు, పలచబడ్డ ఆయిల్ కారణం కావచ్చు. మే నెలలో అమీర్‌పేట, మెహిదీపట్నం ట్రాఫిక్‌లో గంటసేపు నిలిచే బండికి రేడియేటర్ ముందు అదనపు ఆయిల్ కూలర్ పెట్టించడం ఖర్చుకు తగిన పని. బ్రేకు తొక్కి ఇంజన్‌ను రేపే స్టాల్ టెస్టును పాత గేర్‌బాక్సు మీద నేను చేయనివ్వను, పీడనం గేజ్ అంతకన్నా ఎక్కువ చెబుతుంది.

దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించకండి. ఇంజన్ ఆగితే ఆయిల్ పంపు ఆగుతుంది, చక్రాలు తిరిగే కొద్దీ గేర్‌బాక్సు ఎండి అరుగుతుంది. ఫ్లాట్‌బెడ్ పిలిపించండి, లేదంటే వెనక చక్రాలు ఎత్తించండి.

చివరిగా గేర్‌బాక్సు కిందనున్న ఆయిల్ ప్యాన్ విప్పాలి. అడుగున సన్నని బూడిద రంగు ముద్ద మామూలే. ఇత్తడి, అల్యూమినియం ముక్కలు, నల్లటి పెచ్చులు కనిపిస్తే దించక తప్పదు. అప్పుడు మేస్త్రీతో రెండు విషయాలు ముందే మాట్లాడుకోవాలి. కూలర్‌ను, దాని పైపులను శుభ్రంగా కడగకుండా బాగుచేసిన గేర్‌బాక్సును తగిలించకూడదు, పాత ముక్కలు కొత్త ప్లేట్లలోకి వస్తాయి. ఇంజన్ తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ పంపు గాడుల్లో పూర్తిగా కూర్చుందా అని, గేర్‌బాక్సును ఇంజన్‌కు ఆనించాక, బోల్టులు బిగించకముందు దాన్ని చేత్తో తిప్పి చూడాలి. తిరగకపోతే బోల్టుల బలంతో దగ్గరికి లాగనివ్వకుండా గేర్‌బాక్సును వెనక్కి తీయించండి, లేకపోతే ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసేలోపే పంపు పగులుతుంది.