డిటెక్టివ్ కథలో రోబో సెక్రటరీ: సమస్యలు, పరిష్కారాలు

రాబోయే కాలపు హైదరాబాదులో ఒక ప్రైవేట్ డిటెక్టివ్‌ను, ఆయన ఆఫీసులో ఒక రోబో సెక్రటరీని పెట్టి కథ రాసేవారికి ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఒక్కచోటే పుడతాయి. ఆ యంత్రానికి ఏమి తెలుసో, ఏమి తెలియదో రచయిత ముందుగా తేల్చుకోకపోవడమే అందుకు మూలం.

సమస్య: రెండో పేజీకే రహస్యం విడిపోతోంది.

కారణం: రోబోను నగరంలోని ప్రతి కెమెరాకూ, ప్రతి బ్యాంకు ఖాతాకూ, ప్రతి ఫోనుకూ కలిపేశారు. ఇక డిటెక్టివ్‌కు కుర్చీలోంచి లేవవలసిన పనే లేదు.

పరిష్కారం: రోబో శక్తిని తగ్గించనక్కరలేదు, చట్టాన్ని అడ్డుపెట్టండి. మన దేశంలో ప్రైవేట్ డిటెక్టివ్‌కు పోలీసు అధికారాలేవీ లేవు. ఆ వృత్తిని నియంత్రించేందుకు 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. ఒకరి కాల్ రికార్డులను టెలికాం సంస్థ నుంచి తెప్పించుకునే అధికారం ఆయనకు లేదు, దొడ్డిదారిన కొంటే ఆయనే నిందితుడవుతాడు. తెచ్చిపెట్టగలిగి కూడా తేనని మర్యాదగా చెప్పే సెక్రటరీకీ, తొందరపడుతున్న యజమానికీ మధ్య నడిచే సంభాషణలో కావలసినంత ఉత్కంఠ ఉంటుంది.

సమస్య: ముగింపు చదివిన పాఠకుడు మోసపోయానని అనుకుంటున్నాడు.

కారణం: చివరి అధ్యాయంలో రోబో హఠాత్తుగా ఒక రికార్డింగు బయటపెడుతుంది. డిటెక్టివ్ కథలకు 1929లో పది నియమాలు రాసిన రోనాల్డ్ నాక్స్, చివర్లో సుదీర్ఘమైన శాస్త్రీయ వివరణ అవసరమయ్యే పరికరాన్ని వాడకూడదనీ, డిటెక్టివ్‌కు దొరికిన ఆధారాన్ని వెంటనే పాఠకుడి ముందు పెట్టాలనీ అన్నాడు. ఆ పదింటిలో కొన్నిటికి కాలం చెల్లింది గాని, ఈ రెండూ రోబో కథలకు మరింత గట్టిగా వర్తిస్తాయి.

పరిష్కారం: ఆధారాన్ని రోబో రోజువారీ నివేదికలో మామూలు వాక్యంగా ముందే అచ్చువేయండి. ఉదాహరణకు రెండో అధ్యాయంలో, “సాయంత్రం 6.12కు ఒక వ్యక్తి వచ్చారు. బయట వాన. గొడుగు పొడిగా ఉంది. టీ తాగలేదు. 6.20కి వెళ్లారు” అని రోబో చదువుతుంది, డిటెక్టివ్ టీ సంగతి పట్టుకుని విషప్రయోగం గురించి ఆలోచిస్తూ నాలుగు అధ్యాయాలు తిరుగుతాడు. వచ్చినవాడు వీధిలోంచి కాక అదే భవనంలోని పై అంతస్తు నుంచి దిగాడని గొడుగు మొదటే చెప్పింది. రోబో ఏదీ దాచలేదు. చూసినదంతా చెప్పింది గాని, అందులో ఏది ముఖ్యమో దానికి తెలియదు. డిటెక్టివ్ అవసరం ఉన్నది సరిగ్గా అక్కడే.

సమస్య: రోబో స్థానంలో మామూలు స్టెనోను పెట్టినా కథ మారడం లేదు.

కారణం, పరిష్కారం: కాఫీ తేవడం, ఫోను ఎత్తడం తప్ప దానికి పని లేదు. యంత్రానికి మాత్రమే ఉండే లోపం ఒకటి ఇవ్వండి. చుట్టూ ఉన్న వస్తువుల దూరాన్ని కొలిచే పరికరమైన లైడార్ పంపే లేజర్ కిరణాలు గాజులోంచి దాటిపోవచ్చు కనుక, దానినే నమ్ముకున్న రోబోకు మూసిన గాజు తలుపు ఖాళీగా కనిపించవచ్చు. హత్య జరిగిన గది తలుపు తెరిచే ఉందని అది నిజాయితీగా, తప్పుగా చెబుతుంది.

సమస్య: కోర్టులో జడ్జి రోబో మాటను ఏ ప్రశ్నా లేకుండా ఒప్పుకుంటున్నారు.

కారణం, పరిష్కారం: రచయిత రోబోను సాక్షిగా భావించారు, చట్టం దృష్టిలో దాని రికార్డింగు ఎలక్ట్రానిక్ రికార్డు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం అలాంటి రికార్డుకు హ్యాష్ విలువతో (ఫైలులో ఏ మార్పు చేసినా తేడా పట్టించే, వేలిముద్ర లాంటి సంకేతం) కూడిన ధ్రువపత్రం జతచేయాలి, దానిపై పరికరం బాధ్యులతో పాటు నిపుణుడూ సంతకం చేయాలి. కథాకాలానికి చట్టం మారిందనుకుంటే ఆ మార్పును ఒక్క వాక్యంలో చెప్పండి. మారలేదనుకుంటే, రికార్డింగులో తాను తాళం పగలగొట్టిన దృశ్యం కూడా ఉన్నప్పుడు డిటెక్టివ్ ఆ పత్రం మీద సంతకం చేస్తాడా అన్నది మీరు తేల్చవలసి ఉంటుంది.

ఇక రోబోలు ఎలా నడుచుకోవాలో చెబుతూ 1942లో సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ రూపొందించిన మూడు సూత్రాలను అరువు తెచ్చుకునేవారు మొదటి సూత్రాన్ని పూర్తిగా చదవాలి. రోబో మనిషికి హాని చేయకూడదనే కాక, చేతులు ముడుచుకుని ఊరుకోవడం వల్ల మనిషికి హాని కలగనివ్వకూడదని కూడా అందులో ఉంది కనుక, ఆ సూత్రానికి కట్టుబడిన సెక్రటరీ అర్ధరాత్రి యజమానిని ఒంటరిగా గోదాముకు వెళ్లనివ్వదు.