ల్యాబ్‌ల లువాంటి పెట్టినంక పిల్లలు ఒకరికొకరు కనిపిస్తలేరా? సమస్య - పరిష్కారం

నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు స్కూల్ ల్యాబుల్ల లువాంటి పెట్టిచ్చినంక టీచర్ల నుంచి వచ్చే ఫోన్లు తిప్పి తిప్పి ఇవే ఉంటయి, అందుకే అన్నీ ఒక్కకాడ రాస్తున్న. లువాంటి అంటే బ్లాకులు పెట్టి లోకాలు కట్టే ఆటల సాఫ్ట్‌వేర్, 2024 అక్టోబర్ దాకా మైన్‌టెస్ట్ అని పిలిచిందే, పైసలు కట్టే పని లేదు, పాత కంప్యూటర్ల మీద గూడ నడుస్తది. ఇన్‌స్టాల్ చేసుడు, కంటెంట్ సెక్షన్ల నుంచి గేమ్ దించుకునుడు మీకు వచ్చనే అనుకొని మొదలుపెడుతున్న.

సమస్య: అందరు లోపలికి వచ్చిండ్రు గని ఒక్కరికి ఇంకొకరు కనిపిస్తలేరు

ఇది సమస్యే కాదు, చూడక వచ్చే తిప్పలు. పిల్లలు స్టార్ట్ గేమ్ ట్యాబ్‌ల ఎవరి లోకం వాళ్లు తెరుచుకుంటరు, అందరు దానికి "సాగర్ డ్యాం" అనే పేరు పెట్టుకుంటరు, పేరు ఒక్కటే గాబట్టి లోకం గూడ ఒక్కటే అనుకుంటరు. కాదు. ఒక్క కంప్యూటర్‌ల మాత్రమే స్టార్ట్ గేమ్‌కు పోయి హోస్ట్ సర్వర్ అనే టిక్ పెట్టాలె (ఇగ అదే సర్వర్), మిగిలినోళ్లంతా జాయిన్ గేమ్ ట్యాబ్‌కే పోయి ఆ కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌ల దాని నంబర్, ఎట్ల చూడాలెనో కింద ఉన్నది), పోర్ట్ 30000 కొట్టి రావాలె. అనుమానం ఉంటే చాట్‌ల స్లాష్ పెట్టి స్టేటస్ అని కొట్టమనండి, లోపల ఎవరెవరు ఉన్నరో పేర్లు వస్తయి, సింగిల్‌ప్లేయర్ అని ఒక్క పేరే వస్తే ఆ పిల్లగాడు తన సొంత లోకంల ఉన్నట్టు. దయచేసి నాకు ఫోన్ చేసే ముందు ఈ ఒక్కటి చూడండి, సగం ఫోన్లు ఇక్కడనే ఆగిపోతయి.

సమస్య: నిన్న మంచిగ నడిచింది, ఇయ్యాల ఎవరికీ కనెక్ట్ అయితలేదు

కరెంటు పోయి వచ్చిందా? పోతే రూటర్ మల్ల ఆన్ అయినప్పుడు సర్వర్ కంప్యూటర్‌కు కొత్త ఐపీ ఇచ్చి ఉంటది, నిన్న 192.168.1.5 ఉన్నది ఇయ్యాల 192.168.1.9 అయితది, పిల్లలేమో బోర్డు మీద రాసిన పాతదే కొడుతుంటరు. సర్వర్‌ల కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టి చూడండి. రోజూ ఇదే గోల వద్దనుకుంటే రూటర్‌ల అడ్రస్ రిజర్వేషన్ పెట్టేస్తే ఆ కంప్యూటర్‌కు ఎప్పుడూ అదే ఐపీ వస్తది.

సమస్య: సర్వర్ ఉన్న కంప్యూటర్‌ల ఆడుతున్నది, కేబుల్ మీద ఉన్నోళ్లకు, వైఫై మీద ఉన్నోళ్లకు ఎవ్వరికీ వస్తలేదు

విండోస్ ఫైర్‌వాల్, అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్లను ఆపే కాపలా. మొదటిసారి నడిపినప్పుడు పర్మిషన్ అడుగుతది, ఎవరో తొందరల క్యాన్సిల్ కొడతరు, ఇగ మల్ల అడగదు. ఫైర్‌వాల్‌ల అలౌ యాన్ యాప్ కాడికి పోయి లువాంటికి ప్రైవేట్, పబ్లిక్ రెండు టిక్కులు పెట్టండి. ఇంకో మాట, ఈ పర్మిషన్ ఫోల్డర్‌ను బట్టి ఉంటది, కొత్త వెర్షన్ జిప్ దించి వేరే ఫోల్డర్‌ల తెరిస్తే పాత పర్మిషన్ దానికి పనిచేయదు.

సమస్య: కేబుల్ పెట్టిన డెస్క్‌టాపులకు వస్తున్నది, వైఫై ట్యాబులకు (ట్యాబ్లెట్లకు) వస్తలేదు (లేదా సగం ట్యాబులకే వస్తున్నది)

నన్ను అన్నిటికంటే ఎక్కువ గోస పెట్టింది ఇదే, అందుకే జెర వివరంగ చెప్త. ట్యాబుల్ల ఇంటర్నెట్ బ్రహ్మాండంగ వస్తుంటది, యూట్యూబ్ నడుస్తుంటది, అందుకని వైఫై మీద ఎవ్వరికీ అనుమానం రాదు. యాప్ తీసేసి మల్ల వేస్తరు, వెర్షన్ మారుస్తరు, ట్యాబ్‌ను రీసెట్ గూడ చేస్తరు, దేవరకొండ దిక్కు ఒక స్కూల్ల అయితే ట్యాబులే ఖరాబైనయని పక్కన పెట్టేసిండ్రు. ట్యాబులకు ఏం కాలేదు. రూటర్‌ల ఏపీ ఐసొలేషన్ అనే సెట్టింగ్ ఉంటది, కొన్నిట్ల క్లయింట్ ఐసొలేషన్ అంటరు, అది ఆన్ ఉంటే వైఫై మీద ఉన్న ఏ రెండు మిషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు, సర్వర్ గూడ వైఫై మీదనే ఉంటే ట్యాబులు దాన్ని చేరలేవు. ఒకే బస్సుల కూర్చున్నా కండక్టర్‌తోనే మాట్లాడాలె, పక్కసీటోళ్లతో మాట్లాడొద్దు అన్నట్టు. బయటి నెట్‌కు పోవుడుకు అడ్డం లేదు, పక్క ట్యాబ్‌కు పోవుడుకే అడ్డం. గెస్ట్ నెట్‌వర్క్ (వచ్చిపోయేటోళ్ల కోసం విడిగ పెట్టే వైఫై) అయితే ఇంకా గట్టిది, కేబుల్ మీద ఉన్న సర్వర్‌ను గూడ చేరనియ్యదు, కనెక్షన్ బిగించిపోయినోళ్లు స్కూలుకు గెస్ట్ పాస్‌వర్డే ఇచ్చిపోయిన కాడ ఇట్లనే అయితది.

ఇదేనా కాదా అని తేల్చుకునుడు అలుకనే. ఒక ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, సర్వర్ ల్యాప్‌టాప్‌ను, రెండు ట్యాబులను దానికి కలపండి, సర్వర్ ఐపీ మారుతది గాబట్టి మల్ల చూసి కొత్తది కొట్టండి. మొబైల్ డేటా అక్కరలేదు, ఒకే గదిల ఆడుకునేటందుకు ఇంటర్నెట్‌తో పనే లేదు. దాని మీద ఆడితే తప్పు రూటర్‌దే, ఇగ యాప్ జోలికి పోకండి. పింగ్ (ఒక మిషన్ నుంచి ఇంకోదాన్ని పలకరించి జవాబొస్తదా అని చూసుడు) కొట్టి చూస్తమంటే సర్వర్‌కు కొట్టకండి, విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్ మీద ఉంటే పింగ్‌కు జవాబియ్యదు, అది చూసి ఐసొలేషనే అని మోసపోతరు. ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కు కొట్టండి.

తేలినంక, ఐపీకాన్ఫిగ్‌ల డిఫాల్ట్ గేట్‌వే అని ఉన్న నంబర్‌ను బ్రౌజర్‌ల కొట్టి రూటర్‌లకు పోయి వైర్‌లెస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల ఆ టిక్ తీసేయండి. శానా రూటర్లల్ల 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకు, 5 గిగాహెర్ట్జ్ వైఫైకు వేరే వేరే టిక్కులు ఉంటయి, ఒక్కటే తీస్తే సగం ట్యాబులు వచ్చి సగం రాకపోతయి, ఆ సగం సగం తమాషా వెనుక ఉన్నది ఇదే. రూటర్ పాస్‌వర్డ్ మీ చేతిల లేకుంటే సర్వర్‌ను కేబుల్‌తోని రూటర్‌కు కలపండి, ఐసొలేషన్ ఎక్కువ రూటర్లల్ల వైఫై నుంచి వైఫైకే అడ్డం, కేబుల్‌కు కాదు. అదీ కాకుంటే ల్యాబ్ కోసం చిన్న రూటర్ ఒకటి విడిగ తెచ్చుకోండి, దానికి నెట్ కనెక్షన్ గూడ అవసరం లేదు. అన్నీ అయినంక గూడ ఒక మాట యాదుంచుకోండి, రూటర్ రీసెట్ అయినా, మార్చినా ఆ టిక్ మల్ల వచ్చి కూర్చోవచ్చు.

సమస్య: లోపలికి వచ్చిండు గని తవ్వలేకపోతుండు, పెట్టలేకపోతుండు

ఇంటరాక్ట్ పర్మిషన్ లేదు. సర్వర్ నడిపేటోళ్లు చాట్‌ల స్లాష్ గ్రాంట్, పిల్లగాని పేరు, ఇంటరాక్ట్ అని కొట్టాలె. చాట్ రాకుంటే షౌట్ అనే పర్మిషన్ చూడండి.

సమస్య: ఒకరు కట్టింది ఇంకొకరు పగలగొడుతుండ్రు

సాఫ్ట్‌వేర్‌ను అనకండి, పని పంచకుండ వదిలేస్తే ఏ లోకంలనైనా ఇట్లనే అయితది. లువాంటిల ఒక బ్లాక్ అంటే ఒక మీటర్ లెక్క, సాగర్ డ్యాం ఎత్తు 124 మీటర్లు అంటే 124 బ్లాకులు, గేట్లు 26. ఇద్దరిద్దరికి రెండేసి గేట్లు ఇస్తే 26 మందికి సరిపోతయి, పక్క జంటతోని కొలత కలవకపోతే గేట్లు ఒక వరుసకు రావు, ఇగ వాళ్లే పోయి మాట్లాడుకుంటరు, మనకు కావాల్సింది అదే కదా. ఏరియాస్ అనే మాడ్ (ఆటకు అదనంగ కలిపే ముక్క) పెట్టి ఎవరి జాగ వాళ్లకు లాక్ చేయండి. రోల్‌బ్యాక్ రికార్డింగ్ (ఎవరు ఏం చేసిండ్రో రాసిపెట్టుకునేది) ముందుగాలనే ఆన్ చేసి పెడితే పగలగొట్టింది ఎనుకకు తేవచ్చు, మామూలుగ అది ఆఫ్ ఉంటది, పగిలినంక ఆన్ చేస్తే ఫాయిదా లేదు.

సమస్య: ఆగి ఆగి నడుస్తున్నది

పిల్లల కంప్యూటర్లల్ల వ్యూయింగ్ రేంజ్ (ఎంత దూరం దాకా కనిపించాలె అనేది) తగ్గించండి, సెట్టింగుల నీడల లాంటి ఎఫెక్టులు ఆపేయండి. సర్వర్ కంప్యూటర్ మీద ఎవర్నీ ఆడనీయకండి, అది ఉత్త సర్వర్ లెక్కనే ఉండాలె.

సమస్య: రెండు ఊర్ల స్కూళ్లు కలవాలె, పోర్ట్ ఫార్వర్డ్ చేసినా వస్తలేదు

పోర్ట్ ఫార్వర్డ్ అంటే బయటి నుంచి వచ్చేటోళ్లను రూటర్ సర్వర్ కాడికి పంపేటట్టు పెట్టుడు. రూటర్‌ల వ్యాన్ ఐపీ (బయటి నెట్ దిక్కు రూటర్‌కు ఉన్న నంబర్) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్యల మొదలైతే మీ కనెక్షన్‌కు సొంత పబ్లిక్ ఐపీ లేదు, మీరు ఎంత ఫార్వర్డ్ చేసినా బయటోళ్లు లోపలికి రాలేరు. చిన్న క్లౌడ్ సర్వర్ కిరాయికి తీసుకొని లోకాన్ని అక్కడ పెట్టండి, లేకుంటే ఇంటర్నెట్ కంపెనీని స్టాటిక్ ఐపీ (మారకుండ ఉండే సొంత పబ్లిక్ ఐపీ) అడగండి.

మ్యాప్ ఫైల్ కరాబైంది, యాంటీవైరస్ ఆపింది, 30000 పోర్ట్‌ను ఇంకేదో వాడుతున్నది, ఇవన్నీ ఎప్పుడో ఒకసారి వచ్చేటివి, పైన చెప్పినయన్నీ చూడక ముందు వీటి ఎంబడి పడకండి. అన్నీ చూసినా కాకుంటే నాకు మూడు సంగతులు పంపండి: స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్ ఫొటో, రెండు దిక్కులా వెర్షన్ నంబర్, రానిది కేబుల్ మీదనా వైఫై మీదనా అన్నది.